గణనయంత్రవిద్య – ఆడుపిల్లలకు తోడు

నేను తోటపల్లి గూడూరు వాస్తవ్యురాలను. మా యూరు నెల్లూరునకు తూర్పున, సముద్రమునకు చేరువగా నున్నది. ఒకవైపు వరిమళ్ళు, ఒకవైపు రొయ్యల గుంటలు, ఆవల కోడూరు సముద్రతీరము. పెక్కేండ్లు బడిలో లెక్కలు చెప్పి విరమించితిని. ఇప్పుడు సాయంకాలములందు ఊరి ఆడుపిల్లలు కొందరు కంప్యూటరు విద్య నేర్చుకొనుచుండగా వారికి తోడుగా కూర్చుండుచున్నాను. "నేర్పుచున్నాను" అనక "తోడుగా కూర్చుండుచున్నాను" అనుటకు కారణము కలదు. ఆ కారణమును మీకు విన్నవించుటయే నేటి నా ప్రసంగము.

మొదట ఈ విద్య యెట్టిదో చెప్పవలెను. కంప్యూటరు మిక్కిలి తెలివిగల యంత్రమని పలువురు తలంతురు. నిజమునకు దానికి తెలివి లేదు, వేగము మాత్రము కలదు. మన పాలేరుతో "పొలమునకు నీరు పెట్టిరా" యన్న చాలును. తూము ఎత్తుట, మడి నిండువరకు గట్టున నిలుచుట, నిండినంతనే తూము మూయుట, ఇవన్నియు అతడే యెరుగును. యంత్రమున కట్లు కాదు. తూము ఎత్తుము, మడి నిండినదా చూడుము, నిండనిచో ఆగి మరల చూడుము, నిండినచో తూము మూయుము, అని ఒక్కొక్క మెట్టును విడిగా వ్రాసి యీయవలెను. మూయుమని వ్రాయుట మరచితిమా, ఊరు మునిగినను అది నీరు పెట్టుచునే యుండును. ఇట్లు యంత్రమునకు ఆజ్ఞలను వరుసగా వ్రాయుటనే కోడు వ్రాయుట యందురు. బ్యాంకులోని పద్దు, రైలు టిక్కెట్టు, మీసేవలో తీయించుకొను కాగితము, మన భూముల అడంగలు, ఇవన్నియు ఎవరో ఒకచోట కూర్చుండి వ్రాసిన ఇట్టి ఆజ్ఞల చేతనే నడచుచున్నవి.

దీనికి గొప్ప యంత్రజ్ఞానము ముందుగా ఉండవలెనని లేదు. క్రమము తప్పని బుద్ధి, ఓర్పు ఉండవలెను. మార్గశిరమాసమున మన ఆడుపిల్లలు వాకిట చుక్కలు పెట్టి, ఏ చుక్క నుండి ఏ చుక్కకు గీత పోవలెనో మనసులో నిలుపుకొని, ఎక్కడను చేయి తడబడక ముగ్గును ముగింతురు గదా. ఒక్క చుక్క తప్పిన ముగ్గంతయు కలియదు. కోడు వ్రాయుటకును అట్టి మనసే కావలెను.

అయినను ముగ్గునకును దీనికిని ఒక భేదము కలదు. ఈ విద్యలో తప్పు చేయనివారు లేరు. ఇరువదియేండ్ల అనుభవము గలవారును దినమునకు పదిమారులు తప్పు వ్రాయుదురు. వ్రాయుట, తప్పు వచ్చుట, ఎక్కడ వచ్చినదో వెదకుట, దిద్దుట, ఇదియే ఈ వృత్తిలో అధికభాగము. ఈ సంగతి ఎరిగినవానికి తప్పు అనునది పొలములో కలుపు వంటిది. కలుపు మొలచినదని యెవడును సేద్యము మానడు. కాని ఎరుగని పిల్ల ఒంటరిగా కూర్చుండి వ్రాయునపుడు, యంత్రము "తప్పు" అని పదిమారులు ఎర్రని అక్షరములతో చూపినచో, ఆమె ఏమనుకొనును? "ఈ విద్య నాకు రాదు, నా తల యింతే" యనుకొనును. ప్రక్కన ఇంకొక పిల్ల యుండి "అక్కా, నాకును నిన్న ఇదే వచ్చినది, ఆ చుక్క చూడు" అనినచో ఆ భయము అంతటితో తీరును. ఈ విద్యకు తోడు ఏల కావలెనో ఈ చిన్నమాటలోనే యున్నది.

నేను స్వయముగా అనుభవించినది చెప్పెదను. 1994లో నెల్లూరులో ఒక శిక్షణశాలలో కంప్యూటరు నేర్చుకొనుటకు చేరితిని. తరగతిలో స్త్రీని నేనొక్కతెను. మూడవ దినమున ఒక సందేహమడిగితిని. వెనుకనుండి నవ్వులు వినబడినవి. బోధకుడును చిరునవ్వు నవ్వి "అది తరువాత మీకే తెలియును" అనెను. ఆ మీదట నేను నోరు తెరువలేదు. రుసుము చెల్లించిన ఆరు మాసములును వెళ్ళితిని గాని, వచ్చిన విద్య స్వల్పము. లెక్కల పంతులమ్మను, ముప్పది యెదిగిన దానను, నాకే అట్లయ్యెను. పదునెనిమిదేండ్ల పిల్ల సంగతి చెప్పవలెనా?

"ఇది మగవారి విద్య, ఆడువారికి క్రొత్త" యని కొందరందురు. ఆ మాట నిజము కాదు. "కంప్యూటర్" అను ఆంగ్లపదమునకు పూర్వము లెక్కలు కట్టు మనిషి యని యర్థము. ఆ మనుషులలో స్త్రీలు పెక్కుమంది యుండిరి. 1946లో అమెరికాలో లోకమునకు చూపబడిన ఎనియాక్ అను తొలినాటి యంత్రముచేత లెక్కలు చేయించు క్రమమును కూర్చినవారు ఆరుగురు యువతులు.

ఇంతకంటె మనము తెలిసికొనదగిన కథ డొరొతీ వాన్ అను నల్లజాతి స్త్రీది. ఆమె మొదట బడిలో లెక్కలు చెప్పెడి ఉపాధ్యాయిని. 1943లో వర్జీనియా రాష్ట్రములోని లాంగ్లీ విమానపరిశోధనశాలలో లెక్కలు కట్టు పనికి చేరెను. అచ్చట నల్లజాతి స్త్రీలను పశ్చిమభాగమున వేరుగా కూర్చుండబెట్టెడివారు. భోజనశాలలో సైతము వారికి వేరు బల్ల. ఒక్కచోటికి నెట్టబడిన ఆ స్త్రీలు ఒకరికొకరు అండయైరి. 1949లో ఆమె ఆ విభాగమునకు పెద్దయయ్యెను. తరువాత ఎలెక్ట్రానిక్ యంత్రములు వచ్చినవి. చేతితో లెక్కలు కట్టువారి పని పోవునని ఆమె ముందుగానే గ్రహించెను. గ్రహించి, ఫోర్ట్రాన్ అను యంత్రభాషను తాను నేర్చుకొని, అంతటితో ఊరకుండక తన తోడి స్త్రీలకును నేర్పెను. తానొక్కతె గట్టెక్కిన చాలుననుకొనలేదు. 1958లో ఆ సంస్థ నాసాగా మారినపుడు ఆ వేరు విభాగము రద్దయ్యెను. ఆమె చేతిక్రింద పనిచేసిన క్యాథరిన్ జాన్సన్ అంతరిక్షయాత్రల లెక్కలు కట్టి పేరుగాంచెను.

అంతతో ఆ దేశమున చిక్కు తీరినదా యనిన, తీరలేదు. కింబర్లీ బ్రయంట్ అను నల్లజాతి స్త్రీ విద్యుత్తు ఇంజనీరు. ఆమె కుమార్తె వేసవిలో కంప్యూటరు శిబిరమునకు పోగా, అచ్చట ఆడుపిల్లలే కొలదిమంది, అందులో తనవంటి పిల్ల మరియొకతె లేదు. తాను చదివిన కాలమున అనుభవించిన ఒంటరితనమే బిడ్డకును సంప్రాప్తమగుట చూచి, 2011లో ఆ తల్లి నల్లజాతి బాలికలు కూడి కోడు నేర్చుకొనుటకు ఒక సంస్థను శాన్‌ఫ్రాన్సిస్కోలో నెలకొల్పెను. పిల్లలకు తెలివి చాలకపోవుట కాదు, తోడు చాలకపోవుట అసలు లోపమని ఆమె గుర్తించినది.

సముద్రములు దాటి పోనక్కరలేదు. మన తెలుగింటి కథయే యొకటి కలదు. అయ్యలసోమయాజుల లలిత 1919లో జన్మించెను. పదునైదవ యేట వివాహము. 1937లో ఒక ఆడుశిశువును కనెను. శిశువునకు నాలుగుమాసములు నిండునప్పటికి భర్త గతించెను. ఆనాటి ఇండ్లలో అట్టి యువతికి మిగులు బ్రతుకెట్టిదో మీకు నేను చెప్పనక్కరలేదు. ఆమె తండ్రి పప్పు సుబ్బారావుగారు మద్రాసు గిండీ ఇంజనీరింగు కళాశాలలో ఆచార్యులు. ఆయన కళాశాలాధ్యక్షుడైన చాకోగారితో మాటలాడి, 1940లో కుమార్తెను విద్యుచ్ఛాస్త్రశాఖలో చేర్పించెను. అంతవరకు ఆ కళాశాల మగవారిదే.

ఇందు మనము గమనింపదగిన విషయమేమనగా, ఆమెకు చదువు కష్టము కాలేదు, ఏకాకితనము కష్టమయ్యెను. అందరును మగపిల్లలే, వసతిగృహమున మాటలాడుటకు మనిషి లేదు. అప్పుడు తండ్రి "కొన్నాళ్ళు ఓర్చుకొమ్ము" అని ఊరకుండలేదు. కళాశాలలో స్త్రీలకును ప్రవేశము కలదని ప్రకటనము చేయించిరి. ఆ ప్రకటనమును చూచి లీలమ్మ జార్జి, థెరీసియా అను ఇరువురు యువతులు సివిలు శాఖలో చేరిరి. శాఖ వేరైనను ముగ్గురును ఒకరికొకరు తోడైరి. ముగ్గురును పట్టభద్రులైరి. పట్టాపత్రమున "అతడు" అను అర్థమిచ్చు ఆంగ్లపదమే ముద్రితమై యుండగా, దానిని కలముతో కొట్టివేసి "ఆమె" యని దిద్దవలసివచ్చెను. తరువాత లలితగారు భాక్రా నంగల్ ఆనకట్టకు సంబంధించిన విద్యుత్తు పనులలో పాల్గొనిరి. 1964లో న్యూయార్కున జరిగిన స్త్రీ ఇంజనీర్ల, శాస్త్రజ్ఞుల తొలి అంతర్జాతీయ సభకు వెళ్ళిరి. 1979లో పరమపదించిరి. ఒక తండ్రి బిడ్డను చేర్పించుటతో సరిపుచ్చక తోడును కూడ వెదకి తెచ్చుటచేత, ఒకరికి బదులు ముగ్గురు ఇంజనీర్లయిరి.

మన నెల్లూరు సీమకు కూడి చదువుకొనుట క్రొత్తగాదు. పొట్లపూడి కోడలైన పొణకా కనకమ్మగారు 1923లో నెల్లూరున కస్తూరిదేవి విద్యాలయమును స్థాపించి ఆడుపిల్లలకు చదువు చెప్పించిరి. 1991లో అక్షరాస్యతోద్యమము వచ్చినపుడు పల్లెలలో కూలిపని ముగించుకొని వచ్చిన స్త్రీలు రాత్రివేళ దీపముచుట్టు చేరి అక్షరములు దిద్దిరి. ఒంటరిగా నున్నపుడు సిగ్గుపడి చెప్పుకొనని బాధలను ఆ వలయమునందు చెప్పుకొనిరి. ఆ మాటలనుండియే 1992లో దూబగుంటలో రోశమ్మ మొదలగు స్త్రీలు సారాపై తిరుగబడిరి. 1993 అక్టోబరు 1వ తేదీన రాష్ట్రమంతట సారా నిషిద్ధమయ్యెను. మద్యమునుగూర్చిన చట్టములు ఆ పిమ్మట పలుమారులు మారినవి గాని, స్త్రీలు కూడి కూర్చుండిన బలము మారలేదు. దినమునకొక రూపాయి చొప్పున దాచుకొను పొదుపు సంఘములు మన జిల్లాలో ఆ ఊపుననే వ్యాపించినవి. అక్షరములకును రూపాయికిని పనికివచ్చిన ఆ వలయము కంప్యూటరు విద్యకు మాత్రము పనికిరాదా?

ఇక మా చిన్న ప్రయత్నమునుగూర్చి చెప్పెదను. మాకున్నవి పాత కంప్యూటర్లు మూడు, పిల్లలు పదునొకండుగురు. ఒక్కొక్క యంత్రము ముందు ముగ్గురో నలుగురో కూర్చుందురు. ఒకతె వ్రాయును, ఒకతె చదివి తప్పు పట్టును, మిగిలినవారు ముందేమి చేయవలెనో ఆలోచింతురు. గడియకొకమారు చోట్లు మార్చుకొందురు. మొదట ఇది పేదరికముచేత ఏర్పడిన పద్ధతి. నేడు పది యంత్రములిచ్చినను దీనిని మానను. మాకు కొన్ని కట్టుబాట్లు కలవు. ఎవరడిగిన ప్రశ్నకును ఎవరును నవ్వరాదు. తెలిసిన పిల్ల తెలియని పిల్ల చేతినుండి యంత్రమును లాగుకొని తానే వ్రాయరాదు, మాటతో చెప్పవలెను. తప్పుల పద్దు అని యొక పుస్తకము కలదు. ఎవరికేమి తప్పు వచ్చినను, ఎట్లు దిద్దిరో అందు వ్రాయుదురు. క్రొత్తగా చేరిన పిల్లకు మొదట ఆ పుస్తకమునే చేతికిత్తుము. తనకంటె ముందు వచ్చినవారందరును ఎన్ని తప్పులు చేసిరో చూచినపుడు ఆమె ముఖమున కలుగు ధైర్యమును మీరు చూడవలెను.

ఈ విద్యలో ఊరి పెద్దలకును పనికలదు. ఒక ఉదాహరణము. మన వైపు ధాన్యము పుట్లలెక్కన బేరమాడుదుము. పుట్టి యనగా 850 కిలోలు. వ్యాపారి పుట్టి ధర చెప్పును, ప్రభుత్వము క్వింటాలు ధర చెప్పును. రెంటిని పోల్చుటకు ఒక పిల్ల చిన్న ప్రోగ్రాము వ్రాసెను. యంత్రము ఏ తప్పును చూపలేదు. అందరమును సంతోషించితిమి. ఆమె తాత దానిని చూడవచ్చి, పుట్టి ఇరువదివేలైన క్వింటాలెంతయని యడిగెను. యంత్రము 23 రూపాయల 53 పైసలని చూపెను. ముసలాయన పకపక నవ్వి "ఆ ధరకు నా వడ్లు కోళ్ళకైనను వేయనమ్మా" అనెను. పిల్ల ఎనిమిదిన్నరతో భాగింపవలసినచోట 850తో భాగించినది. వచ్చినది కిలో ధర. దిద్దిన పిమ్మట 2,352 రూపాయల 94 పైసలు వచ్చెను. ఆజ్ఞ సక్రమముగా నున్నచో యంత్రమునకు తప్పు తెలియదు. లోకమెరిగిన మనిషికే తెలియును. పిల్లలకు కోడు తెలియును, మీకు పుట్టి తెలియును. రెండును కలిసిననే పని నెరవేరును.

ఇప్పుడు చెప్పుటకు కష్టమైన సంగతి యొకటి చెప్పవలెను. మొదట మాకొక పెద్దమనిషి తన ఇంటి అరుగును దయతో ఇచ్చెను. రెండవ దినమున ఆయన నన్ను ప్రక్కకు పిలిచి, వాడలనుండి వచ్చిన ఇద్దరు పిల్లలను క్రింద వాకిట కూర్చుండబెట్టిన బాగుండునని చెప్పెను. యంత్రములు అరుగుపైన నున్నవి. వాకిట కూర్చుండినవారికి కనబడునది ఇతరుల వీపులు మాత్రమే. నేను ఆ దినమున మాటలాడలేదు. అరుగు పోవునేమోయని భయపడితిని. ఆ పిల్లలిద్దరును నా మౌనమును గ్రహించి, ఏమియు అనక, మరునాడు రాలేదు. అందొకతె పట్టణమున ఇంజనీరింగులో చేరి, అడుగుటకు తోడులేక, ఏడాదికే మానుకొని వచ్చిన పిల్ల. ఆమెకు ఒకమారు పట్టణములో జరిగినది, మరల తన ఊరిలో నా యెదుటనే జరిగినది. అమెరికాలో నల్లజాతి స్త్రీలకు వేరు బల్ల వేసిరని చదివి నొచ్చుకొన్న నేను, మా అరుగును చూచుకొనలేకపోతిని.

మూడవ దినమున ఆమె ఇంటికి వెళ్ళితిని. క్షమింపుమని అడిగితిని. యంత్రములను మా ఇంటి వసారాలోనికి మార్పించితిని. అది ఇరుకు, వానవచ్చిన జల్లు కొట్టును. అయినను అందరును ఒకే చాపపై కూర్చుందురు, ఒకే కుండలోని నీరు త్రాగుదురు. మానుకొని వచ్చిన ఆ పిల్లయే నేడు క్రొత్తవారికి మొదటి పాఠము చెప్పుచున్నది. యానాదుల పిల్ల, పట్టపువారి పిల్ల, రెడ్డిగారి మనుమరాలు ఆమెయొద్ద నేర్చుకొనుచున్నారు. అరుగిచ్చిన పెద్దమనిషి మాత్రము ఇంకను మా వసారాకు రాలేదు. ఆయన మనుమరాలు వచ్చుచున్నది. నేను దానితోనే తృప్తిపడుచున్నాను. తోడు అనునది కొందరికే అయినచో అది తోడు కాదు, గోడ.

మీకు కలుగు సందేహములు నాకు తెలియును. "చదివిన పిల్ల పట్టణమునకు పోవును గదా?" యందురు. కొందరు పోవుదురు. మగపిల్లలును పోవుచునే యున్నారు. పోయిన పిల్లకు ఊరిలో నేర్పిన తోడు కలదేని, అక్కడ మొదటి చిక్కు రాగానే ఫోనెత్తి అడుగుటకు పదిమంది యుందురు. "చదివినవారికందరికి ఉద్యోగములు వచ్చునా?" యందురు. అందరికిని వచ్చునని నేను మాటయీయను. ఈ వృత్తి త్వరత్వరగా మారునది. నేడు యంత్రములే కొంత కోడును వ్రాయుచున్నవి. కాని యంత్రము వ్రాసినదానిని చదివి ఇది సరి, ఇది తప్పు అని చెప్పగలవారు నేడు మరింత ఆవశ్యకము. క్వింటాలు ధర 23 రూపాయలు కాదని చెప్పగల బుద్ధి ఏనాటికిని వ్యర్థము కాదు. "పొద్దుగూకిన పిమ్మట పిల్లలు ఇల్లు చేరుటెట్లు?" అని తల్లులు అడిగిరి. అది న్యాయమైన ప్రశ్న. మేము దీపాలవేళకే ముగింతుము. ఒక వీధి పిల్లలందరును కలిసి నడతురు. వంతులవారిగా ఒక తల్లి వెంటవచ్చును. అట్లు వచ్చిన తల్లులు ఊరక కూర్చుండక, తమ పొదుపు సంఘపు పద్దును యంత్రమున చూచుకొనుట నేర్చుకొనుచున్నారు.

పెద్దలారా, నేను మీనుండి ధనము కోరుట లేదు. మీ ఊరిలో ఈ విద్య చదువు ఆడుపిల్ల ఎక్కడో ఒకతె యుండును. ఆమెవంటి పిల్లలను మరి ఇద్దరిని వెదకి, ముగ్గురిని ఒకచోట కూర్చుండబెట్టుడు. సుబ్బారావుగారు చేసినది ఇంతియే. గాలి వెలుతురు గల చోటొకటి ఇండు. ఆ చోట ఎవరు ఎక్కడ కూర్చుండవలెనని విభజింపకుడు. వారానికొకమారు మీరు పోయి, వారు చేసినదేమో చూపుమని యడుగుడు. తెలియకున్నను అడుగుడు. మీరడుగు ప్రశ్నయే వారికి గౌరవము. పెండ్లిమాట వచ్చినపుడు "ఈ చదువు ముగియనిండు" అని ఇంటిలో ఒక్కమాట మీరే అనుడు. ఆ మాట పిల్ల యన్నచో ఎదురుచెప్పినదందురు. మీరన్నచో అది ఇంటి తీర్మానమగును.

మా తప్పుల పద్దులో మొదటి పుటను ఖాళీగా నుంచితిని. పిల్లలు కారణమడిగిరి. గడచిన వారము అందు నా చేతితోనే వ్రాసితిని: "రెండవ దినమున మాటలాడవలసినచోట మాటలాడనైతిని. దిద్దుకొన్న విధము: ఇంటికి వెళ్ళి పిలుచుకొని వచ్చితిని." క్రొత్తగా వచ్చు ప్రతి పిల్లయు మొదట దానినే చదువును. మీ ఊరి పుస్తకమున మొదటి పుట ఇట్లు వ్రాయవలసిన యగత్యము లేకుండ మీరు ముందే మాటలాడుదురుగాకయని ప్రార్థించుచున్నాను.